గోదావరి డెల్టా నుంచి హైదరాబాద్‌కు: రోజువారీ జీవితం, ఖర్చులపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమ, భీమవరం, పాలకొల్లు, తణుకు, రామచంద్రపురం ప్రాంతాల నుంచి ఉద్యోగానికో, ఉద్యోగం వెతుక్కోవడానికో హైదరాబాద్ చేరేవారు, వారిని పంపే తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. అద్దెలు, ధరలు పేటను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి కనుక ఆ అంకెలను అంచనాకు మాత్రమే తీసుకోవాలి. ప్రభుత్వ రేట్లు, నిబంధనల విషయంలో అవసరమైన చోట అవి ఎప్పటి నుంచి అమల్లో ఉన్నాయో చెప్పాం.

నెలకు ఎంత జీతం వస్తే హైదరాబాద్‌లో గడుస్తుంది?

ఒక అంకె చెప్పేయడం సులువే గానీ, ఆ అంకెను ఊరి ఖర్చుతో పోల్చుకోవడంలోనే చాలామంది లెక్క తప్పుతుంది. డెల్టాలో ఒక మధ్యతరగతి సంసారానికి డబ్బు పెట్టకుండా సమకూరేవి ఎన్నో ఉంటాయి. ఇల్లు సొంతది. బియ్యం కౌలు కింద వచ్చినవి. దింపు తీసినప్పుడల్లా ఇంటికి సరిపడా కొబ్బరికాయలు మిగులుతాయి. కరివేపాకు, ములక్కాడలు, అరటికాయలు దొడ్లోవి. పిల్లవాణ్ని కాసేపు చూసుకోవడానికి పెద్దమ్మ పక్కింట్లోనే ఉంటుంది. నెలకు 12 వేలతో గడుపుకొస్తున్నామని చెప్పే కుటుంబం ఇవన్నీ కొనుక్కోవలసి వస్తే ఎంతవుతుందో ఏనాడూ లెక్క వేసుకొని ఉండదు. నగరంలో వీటిలో ప్రతిదానికీ ధర ఉంటుంది, పిల్లవాణ్ని చూసుకోవడానికి కూడా.

అందుచేత బయలుదేరే ముందు ఒక కాగితం మీద ఇంట్లో డబ్బు పెట్టకుండా వాడుకుంటున్న వాటిని వరుసగా రాసి, వాటి పక్కన నగరపు ధర వేసుకోవాలని మా సలహా. ఆ లెక్క ప్రకారం చూస్తే, హాస్టల్‌లో ఉంటూ పొదుపుగా బతికే ఒంటరి వ్యక్తికి 14 నుంచి 18 వేల రూపాయలు, భార్యాభర్తలు ఒక బిడ్డతో అద్దె ఇంట్లో ఉండాలంటే బడి ఫీజు కాకుండా 40 వేల దాకా అవుతాయని అనుకోవచ్చు. ఊళ్లో 20 వేల జీతంతో దర్జాగా బతికిన వ్యక్తి నగరంలో 30 వేలు తెచ్చుకుంటూ నెలాఖరుకు అప్పు చేయవలసి రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. అది దుబారా అని ఇంటి దగ్గరివారు అనుకోకూడదు.

ఏడాదికి మూడు లక్షల ప్యాకేజీ అన్నారు. చేతికి నెలకు 25 వేలు వస్తాయా?

రావు. ప్యాకేజీ అంటే ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) వాటా, గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే సొమ్ము) కూడా కలిసి ఉంటాయి. బేసిక్ (మూల వేతనం) 12,500 రూపాయలు అనుకుంటే, అందులో 12 శాతం, అంటే 1,500 రూపాయలు కంపెనీ వాటాగా, మరో 1,500 ఉద్యోగి వాటాగా పీఎఫ్‌కు వెళతాయి. గ్రాట్యుటీకి సుమారు 600 పోతుంది. తెలంగాణలో జీతం 20 వేలు దాటితే నెలకు 200 రూపాయల వృత్తి పన్ను ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే చేతికి 21 వేలకు కాస్త పైన వస్తుంది. పనితీరును బట్టి ఇచ్చే సొమ్మును కూడా ప్యాకేజీలో కలిపి చూపిస్తే ఇంకా తగ్గుతుంది. ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన రోజునే "చేతికి నెలకు ఎంత?" అని హెచ్‌ఆర్ విభాగాన్ని అడగడంలో నామోషీ లేదు.

మొదటి నెలకు ఎంత డబ్బు దగ్గర పెట్టుకోవాలి?

జీతం నెల పూర్తయ్యాకే వస్తుంది. నెల మధ్యలో చేరితే పూర్తి జీతం చూడటానికి ఆరు వారాలు కూడా పట్టవచ్చు. ఇంటి అద్దెకు రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె, మధ్యవర్తి ద్వారా వెళితే సగం నెల నుంచి ఒక నెల అద్దె వరకు కమిషన్ ఉంటాయి. అంటే 12 వేల అద్దె పోర్షన్‌లో దిగాలంటేనే 40 వేలకు పైగా చేతిలో ఉండాలి. ఆపై స్టవ్వు, ఫ్యాను, పరుపు, బకెట్లు. అంత డబ్బు సమకూరని వారు రెండు మూడు నెలలు హాస్టల్‌లో ఉండి, మొదటి జీతాలు అందుకున్నాక ఇల్లు చూసుకోవడం మేలు. సామాను ఊరి నుంచి లారీలో వేసుకురావడం కన్నా ఇక్కడ పాతవి కొనుక్కోవడమే చాలాసార్లు చవక. ఇత్తడి బిందెలు, రోలు ఇంటి దగ్గరే ఉంచితే నష్టం లేదు.

ఏ పేటలో ఉండాలి? మనవాళ్లు ఎక్కువగా ఎక్కడ ఉంటారు?

గోదావరి జిల్లాల వారు కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ కాలనీ, నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్ వైపు ఎక్కువగా కనిపిస్తారు. గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వెళ్లడం ఆ వైపు ఉండేవారికి సౌకర్యమే. విజయవాడ రహదారి మీదుగా బస్సులో రాకపోకలు సాగించేవారికి వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర. కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చేవారు అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల, ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకు చదివేవారు అశోక్‌నగర్ ప్రాంతంలో ఉంటారు.

అయితే మనవాళ్లు ఉన్నారని ఇల్లు తీసుకోవడం కన్నా ఆఫీసు ఎక్కడుందో చూసి తీసుకోవడం ముఖ్యం. పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లి వచ్చినట్టు ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదు, గంటల్లో కొలవాలి. అద్దె మూడు వేలు తగ్గుతుందని ఊరి చివర ఇల్లు తీసుకొని, రోజూ మూడు గంటలు రోడ్డు మీద గడిపేవారు ఆ మూడు వేలను ఆటోలకూ, బయటి తిండికీ తిరిగి కట్టేస్తున్నారు. ఇల్లు ఖాయం చేసుకునే ముందు, పనిదినం ఉదయం తొమ్మిది గంటలకు అక్కడి నుంచి ఆఫీసుకు ఒకసారి వెళ్లి చూడాలి. ఆదివారం చూసిన దారి, సోమవారం వెళ్లే దారి ఒకటి కావు.

హాస్టల్ మంచిదా, గది తీసుకోవడం మంచిదా?

ఇద్దరు ముగ్గురు పంచుకునే గదిలో మంచానికి, భోజనంతో కలిపి, సాధారణంగా 6 వేల నుంచి 10 వేల వరకు తీసుకుంటారు. అన్నం కడుపునిండా పెడతారు గానీ కూర నీళ్లగా ఉంటుందని, చేపల పులుసు ఊసే ఉండదని ఫిర్యాదు. ముగ్గురు స్నేహితులు కలిసి పోర్షన్ తీసుకొని వండుకుంటే ఖర్చు దాదాపు అంతే అవుతుంది, తిండి బాగుంటుంది. కానీ ముగ్గురిలో ఒకరు ఉద్యోగం మారి వెళ్లిపోయిన నెలలో మిగతా ఇద్దరి మీద భారం పడుతుంది. వంట వచ్చిన మనిషి ఒక్కరైనా ఉంటే గది, లేకపోతే హాస్టల్ అన్నది మా అభిప్రాయం.

అద్దె ఒప్పందం 11 నెలలకే ఎందుకు రాస్తారు? అందులో ఏమేమి చూసుకోవాలి?

ఏడాదికి మించిన కాలానికి రాసుకున్న అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం చెబుతుంది. ఆ ఖర్చు, శ్రమ లేకుండా 11 నెలలకు రాసుకుంటారు. ఊళ్లో మాట మీద నడిచినట్టు ఇక్కడా నడుస్తుందని ఒప్పందం లేకుండా దిగవద్దు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా విడిగానా, ఏటా అద్దె ఎంత పెంచుతారు అన్న నాలుగు సంగతులు కాగితం మీద ఉండాలి. అడ్వాన్సును నగదుగా కాకుండా బ్యాంకు ఖాతా నుంచి పంపితే రుజువు ఉంటుంది. ఇంట్లో దిగే రోజున గోడలు, కుళాయిలు, తలుపులు ఫోన్‌లో ఫొటోలు తీసి యజమానికి పంపడం కూడా మంచి అలవాటే.

కరెంటు బిల్లు ఒక్క నెలలోనే అంత ఎందుకు పెరుగుతుంది?

తెలంగాణలో ఇళ్ల కరెంటు రేటు వాడకాన్ని బట్టి శ్లాబులుగా ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల వరకు వాడితే మొదటి వందకు యూనిట్‌కు 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. 200 దాటితే మాత్రం పైన వాడిన యూనిట్లకే కాక, మొదటి 200 యూనిట్లకు కూడా 5.10 చొప్పున పడుతుంది, ఆపై వందకు 7.70. లెక్క చూడండి: 200 యూనిట్లకు 820 రూపాయలు, 210 యూనిట్లకు 1,097 రూపాయలు. ఆ చివరి పది యూనిట్ల ఖరీదు 277 రూపాయలన్నమాట. కస్టమర్ చార్జీలు, ఇతరాలు దీనికి అదనం.

అందుకే పోర్షన్లన్నిటికీ ఒకే మీటరు ఉన్న ఇళ్లలో జాగ్రత్త అవసరం. అందరి వాడకం కలిసి పై శ్లాబులోకి వెళుతుంది. యజమానులు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 8, 10 రూపాయలు వసూలు చేస్తుంటారు. విడి మీటరున్న ఇంటికి అద్దె ఓ ఐదు వందలు ఎక్కువైనా వేసవిలో అది గిట్టుబాటు అవుతుంది. 200 యూనిట్ల వరకు ఉచితం అని వినిపించే గృహజ్యోతి పథకం తెలంగాణ తెల్ల రేషన్ కార్డు ఉండి దరఖాస్తు చేసుకున్న కుటుంబాలకు సంబంధించింది; ఆంధ్రప్రదేశ్ కార్డుతో అది వర్తించదు.

నీళ్ల పరిస్థితి ఏమిటి?

ఇంటి ముందు కాలువ పారే ఊరి నుంచి వచ్చినవారికి మొదట మింగుడుపడని విషయం ఇదే. నగరానికి కృష్ణా నీరు నాగార్జునసాగర్ జలాశయం నుంచి, గోదావరి నీరు ఎల్లంపల్లి జలాశయం నుంచి పైపుల్లో వస్తాయి. డెల్టాకు చేరక ముందే, ఎగువన ఎక్కించిన మన గోదావరే. చాలా పేటల్లో కుళాయి రోజు విడిచి రోజు, కొద్ది గంటలు మాత్రమే వస్తుంది. మిగతా అవసరాలకు బోరు నీరే దిక్కు. ఆ నీటికి సబ్బు నురగ రాదు, గిన్నెల మీద తెల్లటి చారలు కడుతుంది, జుట్టు ఊడుతోందని అందరూ చెప్పుకొనేదీ ఆ నీటి గురించే.

ఇల్లు చూడటానికి వీలైతే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లాలి. కుదరకపోతే, వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తారా, ఆ ఖర్చు ఎవరిది అని పక్క పోర్షన్‌వారిని అడగాలి. యజమానిని అడిగితే "మా ఇంట్లో నీటికి కొదవే లేదు" అనే జవాబు వస్తుంది. ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత మంచినీటి పథకం 2021 జనవరిలో మొదలైంది గానీ, దానికి మీటరు, ఆధార్ అనుసంధానం యజమాని చేయించి ఉండాలి.

బియ్యం ఊరి నుంచి తెచ్చుకోవాలా, ఇక్కడ కొనుక్కోవాలా?

ఇంట్లో కౌలు గింజలు ఆడించినవి ఉంటే తెచ్చుకోవడమే లాభం. రైల్లో స్లీపర్ ప్రయాణికుడు 40 కిలోల సామాను ఉచితంగా తీసుకెళ్లవచ్చు కనుక ఒక బస్తాకు ఇబ్బంది లేదు. ఆర్టీసీ కార్గోలో కూడా పంపవచ్చు. ఇక్కడి దుకాణాల్లో మాత్రం సోనామసూరిదే రాజ్యం. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చి డెల్టా పొలాలను ఏలిన స్వర్ణ బియ్యం అడిగితే దుకాణదారు ఒకసారి ఎగాదిగా చూస్తాడు. సార్వా (ఖరీఫ్) బియ్యం కొత్తవైతే అన్నం ముద్దవుతుంది. ఆరు నెలలైనా నిలవ ఉంచినవి తెచ్చుకుంటే కుక్కర్‌లో తేలిగ్గా కుదురుతుంది.

దుకాణాల్లో 26 కిలోల సంచులు కనిపించడానికి కారణం పన్ను. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేయడంతో మిల్లర్లు ఒక కిలో పెంచి ఆ పరిధి దాటించారు. ధర అడిగేటప్పుడు సంచి ఎన్ని కిలోలదో చూసి పోల్చుకోవాలి.

కూరగాయలు, చేపలు, కొబ్బరికాయల సంగతి?

కూరగాయలకు రైతుబజార్లు నమ్మకమైనవి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన ఈ బజార్లు ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, వనస్థలిపురం వంటి చోట్ల ఉన్నాయి. ఆనాటి ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. ఉదయాన్నే వెళితే సరుకు బాగుంటుంది, చీకటి పడ్డాక వెళితే బేరం బాగుంటుంది. చేపలకు రాంనగర్ మార్కెట్ పేరున్నది. అక్కడ కనిపించే రాగండి, బొచ్చెల్లో భీమవరం, ఆకివీడు చెరువులవి తక్కువేమీ కావు. ఇంటి వెనక పట్టిన చేపను ఐస్ పెట్టెలోంచి తీసి కొనుక్కోవడమొక్కటే కొత్త. పులస మీద మాత్రం ఇక్కడ ఆశ పెట్టుకోవద్దు. వరద నెలల్లో గోదావరి ఒడ్డునే వేలల్లో పలికే చేప నగరానికి ఏ పేరుతో వచ్చినా అనుమానించవలసిందే.

కొబ్బరికాయ ఒక్కొక్కటి కొనడం కోనసీమ మనిషికి మనసొప్పని పని. పండగకు వెళ్లినప్పుడు పీచు తీయని కాయలు ఓ ఇరవై తెచ్చుకుంటే నెలలు నిలవ ఉంటాయి.

నగరంలో తిరగడానికి ఎంతవుతుంది? ఆడవారికి బస్సు ఉచితమేనా?

మెట్రో మూడు మార్గాల్లో నడుస్తోంది: మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్). టికెట్ 2025 మే 24 నుంచి కనిష్ఠంగా 11, గరిష్ఠంగా 69 రూపాయలు. రాయదుర్గం దాటి గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు మెట్రో లేదు కనుక అక్కడి ఉద్యోగులు ఆటోకో, బస్సుకో అదనంగా పెట్టుకోవాలి. రోజూ పెద్ద టికెట్‌తో రెండుసార్లు ప్రయాణిస్తే నెలకు మూడు వేలు దాటుతుంది. అందుకే అద్దెను, ప్రయాణాన్ని కలిపి ఒకే ఖర్చుగా చూడాలి. ఆటోవారు మీటరు వేయడం అరుదు. యాప్‌లో ధర చూసుకొని మాట్లాడితే గొడవ ఉండదు.

ఉచిత బస్సు విషయంలో పొరపాటు పడేవారు ఎక్కువ. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉన్న మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్న మహిళలకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్రం లోపల తిరిగే ఏపీఎస్‌ఆర్టీసీ బస్సుల్లోనే. కాబట్టి అమలాపురం ఆధార్‌తో హైదరాబాద్ సిటీ బస్సు ఎక్కిన అమ్మాయి టికెట్ తీసుకోవలసిందే. అమలాపురం నుంచి హైదరాబాద్ వచ్చే బస్సులోనూ అంతే.

వాతావరణం పడుతుందా?

పడుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. గాలిలో తడి తక్కువ. ఎండ మాడ్చినా చొక్కా ఒంటికి అంటుకోదు, రాత్రి కాస్త చల్లబడుతుంది. డిసెంబర్, జనవరిలో మాత్రం దుప్పటి, స్వెటరు కావాలి. పెదవులు పగులుతాయి, కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. నూనె కల్తీదని కంగారు పడనక్కర్లేదు.

సంక్రాంతికి ఊరు వెళ్లడానికి ఎప్పుడు సిద్ధపడాలి?

దీపావళి టపాసుల పొగ తగ్గేలోపే. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. జనవరి 11 ప్రయాణానికి నవంబర్ 12 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. గౌతమి, గోదావరి, నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌లలో బెర్తులు నిమిషాల్లో అయిపోతాయి. అమలాపురానికి రైలు మార్గం ఇంకా లేదు కనుక కోనసీమవారు రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా వెళ్లాలి. రాజోలు వైపువారికి పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటడం దగ్గర. పండగ ముందు ప్రైవేటు బస్సులు మామూలు ధరకు రెండు మూడు రెట్లు అడుగుతాయి. నలుగురి కుటుంబం రానుపోను చేసే ఈ ఒక్క ప్రయాణం ఒక నెల అద్దెను మింగేయగలదు. దీన్ని జనవరి ఖర్చుగా కాక, ఏడాది పొడవునా నెలకు ఇంతని పక్కన పెట్టుకోవలసిన ఖర్చుగా చూడాలి.

ఆధార్ చిరునామా హైదరాబాద్‌కు మార్చుకోవాలా?

ఇది తొందరపడి తేల్చవలసిన విషయం కాదు. మారిస్తే తెలంగాణ పథకాలకు దారి తెరుచుకోవచ్చు గానీ, ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబం పేరు మీద అందుతున్న వాటికి ఇబ్బంది రావచ్చు. పెళ్లికాని అబ్బాయో, అమ్మాయో ఒకటి రెండేళ్ల ఉద్యోగానికి వచ్చినప్పుడు మార్చకుండా ఉండటమే సుఖం. కుటుంబమంతా స్థిరపడిన తర్వాత రెండు చోట్లా కాళ్లు పెట్టడం వల్ల ఉపయోగం లేదు, ముఖ్యంగా ఓటు విషయంలో. రెండు చోట్ల ఓటరుగా ఉండటం చట్టవిరుద్ధం; నివాసం మారినప్పుడు ఫారం 8 నింపి ఓటు మార్చుకోవాలి.

రేషన్‌కు కార్డు మార్చనక్కర్లేదు. జాతీయ ఆహార భద్రతా చట్టం పరిధిలోని కార్డు ఉంటే దేశంలో ఎక్కడైనా వేలిముద్ర వేసి తమ వాటా తీసుకోవచ్చు, ఊళ్లో మిగిలినవారు తమ వాటా అక్కడే తీసుకోవచ్చు.

పెద్దవారి పింఛను ఉన్న ఇళ్లు చిరునామా మార్పును ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను నెల మొదట్లో ఇంటి దగ్గరే చేతికి ఇస్తారు. రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెలలో కలిపి తీసుకునే వెసులుబాటు ఉంది కనుక, అమ్మానాన్నలు నగరానికి వచ్చి ఉండే కాలాన్ని దానికి తగ్గట్టు చూసుకోవాలి.

పిల్లవాణ్ని ఏ తరగతిలో హైదరాబాద్ బడికి మార్చాలి?

వృత్తి విద్యా కోర్సుల ప్రవేశాల్లో స్థానికతకు చాలా విలువ ఉంది. అర్హత పరీక్ష (ఇంటర్) రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది స్థానికతకు ప్రధానమైన ఆధారం. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఒకే రాష్ట్రంలో చదివితే లెక్క స్పష్టంగా ఉంటుంది. పదో తరగతి ఇక్కడ, ఇంటర్ అక్కడ అయితే చిక్కులు వస్తాయి. ఎనిమిది పూర్తయ్యేలోపు మార్చడమో, ఇంటర్ అయ్యేదాకా తాతగారింట్లో ఉంచడమో చేయాలి. ఏ ఏటికాయేడు ప్రవేశాల నోటిఫికేషన్‌లో నిబంధన చదివి నిర్ణయించుకోండి.

ఒంట్లో బాగాలేకపోతే?

చిన్న జబ్బులకు 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో ఉచితంగా చూస్తారు. నెల జీతం 21 వేల లోపు ఉండి కంపెనీ ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కడుతుంటే ఆ కార్డు మొదటి వారంలోనే తీసుకోవాలి. కుటుంబానికి కూడా వర్తిస్తుంది.

ఊరి నుంచి బండి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. దానికి మొదట రిజిస్టరు చేసిన రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, కొత్త రాష్ట్రంలో జీవితకాల పన్ను కట్టాలి. పాత బండికి ఆ ఖర్చు పెట్టడం దండగ. దాన్ని ఊళ్లో నాన్నగారికి వదిలి, ఇక్కడ తెలంగాణ నంబరుతో ఉన్న పాత బండి కొనుక్కోవడం తక్కువలో తేలుతుంది. రైల్లో పార్శిల్ వేసి తెచ్చేవారు పెట్రోలు పూర్తిగా తీసేయించాలి, రిజిస్ట్రేషన్ కాగితాల నకలు దగ్గర ఉంచుకోవాలి.